హాంకాంగ్ పడవ శరణార్థులను బలవంతంగా వెనక్కి పంపడం: బ్రిటన్ చేసింది సబబేనా?

తీరరేఖ:
1989 డిసెంబర్ 12న తెల్లవారకముందే పడవల్లో వచ్చిన 51 మంది వియత్నామీయులను అప్పటి బ్రిటిష్ వలసరాజ్యం హాంకాంగ్ నుంచి విమానంలో హనోయ్‌కి పంపేశారు. వాళ్లలో సగం మంది పిల్లలే. అమెరికా తప్పుపట్టింది, బ్రిటన్ సమర్థించుకుంది. నా దృష్టిలో అది ఘోరం.

లెక్కలపుస్తకం:
ఘోరమే అనుకుందాం. మరి దారేది? 1988 జూన్ 16కు ముందు వచ్చినవాళ్లందరినీ విచారణ లేకుండానే శరణార్థులుగా లెక్కేశారు. పశ్చిమ దేశాలు తీసుకోవడం తగ్గించాయి, అయినా 1989లో 34 వేల మందికి పైగా వచ్చారు. 1991 అక్టోబర్‌లో వియత్నాంతో ఒప్పందం కుదిరి, విచారణలో శరణార్థులు కారని తేలినవాళ్లను పంపడం మొదలయ్యాక చూడండి: ఆ ఏడాది 20 వేలు దాటిన రాకలు 1992లో 12కి పడిపోయాయి. వేలు కాదు, 12 మంది!

తీరరేఖ:
ఆ ఘనత మొత్తం బలవంతపు విమానాలదే అనకండి. స్వచ్ఛందంగా తిరిగెళ్లేవారికి ఐరాస శరణార్థి సంస్థ నగదు సాయం చేసేది. దానికోసం వెళ్లి, మళ్లీ పడవెక్కి వచ్చినవాళ్లున్నారు. 1991 సెప్టెంబర్ తర్వాత వచ్చినవాళ్లకు ఆ సాయం ఆపేశారు. దాని ప్రభావాన్ని మీ లెక్కలో ఎక్కడ వేశారు?

చట్టసంచిక:
ఇద్దరూ అసలు చోటు వదిలేశారు. ఎవరిని పంపాలో తేల్చిన పద్ధతి చూడండి. ఇమిగ్రేషన్ అధికారి దుబాసీ సాయంతో వాంగ్మూలం తీసుకునేవాడు. శరణార్థి కాదంటే సమీక్షా బోర్డుకు అప్పీలు. బోర్డు చాలావరకు ఫైలు చూసే తేల్చేది. చట్టం ప్రకారం కారణాలు చెప్పాల్సిన పని లేకపోయింది, తీర్పు మీద కోర్టుకు వెళ్లే వీలూ లేకపోయింది. అంటే మొదటి ఇంటర్వ్యూలో దుబాసీ ఒక తేదీ తప్పు చెబితే, అదే తప్పు చివరిదాకా సాగేది. నిజమైన శరణార్థి విమానమెక్కే ప్రమాదం అక్కడే ఉండేది.

లెక్కలపుస్తకం:
ఒప్పుకుంటాను. కానీ పంపకుండా ఏళ్ల తరబడి ముళ్లకంచెల వెనక ఉంచడం మేలా? 1992 ఫిబ్రవరిలో షెక్ కాంగ్ శిబిరంలో వర్గపోరు, మంటలు... 24 మంది చనిపోయారు.

చట్టసంచిక:
మేలు కాదు, చట్టమూ ఒప్పదు. పంపగలిగే అవకాశం ఉన్నంతవరకే నిర్బంధం చెల్లుతుందని బ్రిటన్ కోర్టు హర్దియాల్ సింగ్ అనే భారతీయుడి కేసులో ఎప్పుడో చెప్పింది. 1996లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో హాంకాంగ్ కేసులకు లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు) అదే సూత్రాన్ని హాంకాంగ్‌లోని తాయ్ ఆ చౌ శిబిరంలోని వారికి వర్తింపజేసింది. తన పౌరులు కానివారిని వియత్నాం తీసుకోనంది, కాబట్టి వాళ్లను వదిలేయాల్సిందే అని తేల్చింది. బోర్డు మీద కూడా కోర్టు తనిఖీ ఉండి ఉంటే పంపడాన్ని నేనూ సమర్థించేవాణ్ణి.