బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన డేటాబేస్ సరిపోతుందా, విడిగా కొనాలా?

గుంటూరు_స్టాకిస్ట్:
మాది మందుల హోల్‌సేల్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2019 (మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌లో ఉచిత ఎడిషన్) వేసి ఇచ్చారు. నెలాఖరున బిల్లు సేవ్ కొడితే ప్రైమరీ ఫైల్‌గ్రూప్, అంటే డేటా దాచే చోటు, నిండిందని ఎర్రర్. వెండర్ స్టాండర్డ్ ఎడిషన్ కొనమంటున్నాడు. తప్పదా?

పాత_డీబీఏ:
తొందరపడకండి అన్నా. 2019 ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు. మార్పులు నమోదయ్యే లాగ్ ఫైల్ ఆ లెక్కలోకి రాదు. సర్వర్‌లో 32 జీబీ ర్యామ్ ఉన్నా బఫర్ పూల్ (డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటు) 1,410 ఎంబీ దాటదు. పనులు వేళకి వాటంతటవే నడిపే ఏజెంట్ కూడా ఉండదు, రాత్రి బ్యాకప్ విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో పెట్టుకోవాల్సిందే. ముందు ఏ టేబుల్ ఎంత తింటోందో చూడండి. ఇంకోటి, 2025 ఎక్స్‌ప్రెస్‌లో హద్దు 50 జీబీకి పెంచారు. అదీ ఉచితమే.

గుంటూరు_స్టాకిస్ట్:
చూశా. సగానికి పైగా బిల్లుల పీడీఎఫ్‌లే, అన్నీ ఒకే టేబుల్‌లో!

కూకట్‌పల్లి_కోడర్:
ఉచిత డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కి మారిపోతే ఈ గొడవే ఉండదు కదా.

పాత_డీబీఏ:
వెండర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ భాష టీ-ఎస్‌క్యూఎల్‌లో రాసిన ప్రొసీజర్లన్నీ ఎవరు తిరగరాస్తారు బాబూ? కలిపి ఇచ్చినప్పుడు డేటాబేస్‌ని ఎంచుకున్నది వెండర్. మార్చాలన్నా అతనే కదలాలి.

డల్లాస్_గోదారోడు:
కలిపి ఇచ్చేవన్నీ చిన్న సరుకే అనుకోవద్దు. 1988లో వచ్చిన ఐబీఎం ఏఎస్/400లో డేటాబేస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంటుంది. దాని వారసుడు ఐబీఎం ఐ మా వేర్‌హౌస్‌లో ఇప్పటికీ నడుస్తోంది, దానికంటూ డీబీఏ (డేటాబేస్ చూసుకునే మనిషి) లేడు. నాకైతే అదే హాయి. కాకపోతే డేటాబేస్ వద్దనుకుంటే మెషీన్నే వదులుకోవాలి.

శాప్_బేసిస్:
మా దగ్గర కథ తిరగబడింది. శాప్ వాళ్ల పాత బిజినెస్ సాఫ్ట్‌వేర్ ఈసీసీని ఒరాకిల్, డీబీ2, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఈ డేటాబేస్‌లలో దేనిమీదైనా నడుపుకొనేవాళ్లం. దాని తర్వాత 2015లో వచ్చిన ఎస్/4హనా మాత్రం శాప్ సొంత డేటాబేస్ హనా మీద తప్ప నడవదు. హనాకి రన్‌టైమ్ లైసెన్స్ తక్కువలో వస్తుంది గానీ, శాప్‌తో సంబంధం లేని సొంత అప్లికేషన్ దాని మీద కడతామంటే కుదరదు, ఫుల్ యూజ్ లైసెన్స్ కొనాలి. బేరమాడేటప్పుడే ఇది అడగాలి, తర్వాత అడిగితే మన మాట చెల్లదు.

గుంటూరు_స్టాకిస్ట్:
వెండర్‌తో మాట్లాడా. 2025 మీద వాళ్లు ఇంకా టెస్ట్ చేయలేదట. పీడీఎఫ్‌లు ఫోల్డర్‌లోకి మార్చి ఇస్తాడట, దానికి వేరే చార్జీ.

పాత_డీబీఏ:
ఆ చార్జీ స్టాండర్డ్ లైసెన్స్ ముందు ఏపాటి! ఆ ఫోల్డర్‌ని కూడా రోజూ బ్యాకప్‌లో చేర్చమనండి, ఇకమీదట అవి డేటాబేస్ బ్యాకప్‌లో రావు. పీడీఎఫ్‌లు తీసేశాక ఫైల్ సైజు తగ్గలేదని ష్రింక్ (ఫైల్‌ని కుదించే కమాండ్) కొట్టకండి, లోపల ఖాళీ అయిన చోటే కొత్త బిల్లులు కూర్చుంటాయి.