ఎంచుకున్న అంశాన్ని చూపే గీత ఎక్కడ ఉండాలి?

అంచు: మా స్క్రీన్‌లో పక్క మెనూ, పైన ట్యాబులు రెండూ ఉన్నాయి. మెనూలో గీత ఎడమన, ట్యాబుల్లో అడుగున పెడితే పొంతన చెడుతుందా?

నిలువుగీత: చెడదు. ఒకదాని కింద ఒకటి ఉన్న వరుసల్లో అడుగున గీస్తే అది పై వరుసదో కింది వరుసదో తేలదు, విభజన గీతలా కనిపిస్తుంది. ట్యాబులకు మాత్రం ప్యానెల్ (ట్యాబు తెరిచే భాగం) కిందే ఉంటుంది కాబట్టి అడుగు గీత రెంటినీ కలుపుతుంది. విండోస్ 11 చూడండి, పక్క మెనూల్లో ఎడమన, టాస్క్‌బార్‌లో ఐకాన్ కింద. ఎంపికైన వరుసకే 3 పిక్సెళ్ల బోర్డర్ (అంచు గీత) ఇస్తే అక్షరాలు పక్కకు జరుగుతాయి. అందుకే అన్ని వరుసలకూ పారదర్శక బోర్డర్ ముందే ఇవ్వండి.

గుళిక: పారదర్శక బోర్డరా! హై కాంట్రాస్ట్ మోడ్‌లో (చూపు తక్కువున్నవాళ్ల కోసం కొద్ది రంగులతోనే చూపే అమరిక) బ్రౌజర్ బోర్డర్ రంగును మార్చేస్తుంది, ప్రతి వరుసకూ గీత వచ్చేస్తుంది. గీతలు మానేసి నేపథ్యం నింపండి. గూగుల్ డిజైన్ పద్ధతి మెటీరియల్ 3 కూడా స్క్రీన్ అడుగున ఉండే నావిగేషన్ బార్‌లో ఐకాన్ వెనక గుళిక ఆకారం పెట్టింది కదా.

నిలువుగీత: అదే మోడ్‌లో మీ నేపథ్యం రంగూ పోతుంది, బాక్స్ షాడో (పెట్టె నీడ) కూడా పోతుంది. మామూలుగా చూసినా తెలుపు మీద అతి లేత నీలం కాంట్రాస్ట్ (రంగుల తేడా) 1.2:1 దగ్గరే ఆగుతుంది. వెబ్ అందరికీ అందేలా ఉండాలని చెప్పే ప్రమాణాలు, డబ్ల్యూసీఏజీ 2.1, అడిగేది 3:1. అక్షరాలు జరగకూడదంటే ఎంపికైన వరుసకు బోర్డర్ ఇచ్చి, ఎడమ ప్యాడింగ్ (లోపలి ఖాళీ) 3 పిక్సెళ్లు తగ్గించండి. అంతే.

వత్తు: తెలుగు ట్యాబులైతే అడుగు గీతకు కాస్త ఎక్కువ జాగా వదలండి. 'సెట్టింగ్స్'లో ట వత్తు గీతకు తగులుతుంది.

గుళిక: 3:1 అంటున్నారు, నేను దేనికి అడ్డుపడుతున్నానో వినడం లేదు! వరుస అంచు ఫోకస్‌ది. కీబోర్డు వాడేవాళ్లకు ఫోకస్ వలయం (మీట నొక్కితే ఏది పనిచేస్తుందో చూపే గీత) అంచునే వస్తుంది. మీ నిలువు గీత అక్కడే కూర్చుంటే రెండూ అతుక్కుపోతాయి. బాణం మీటతో కదిలి, ఎంటర్ నొక్కితేనే తెరుచుకునే ట్యాబుల్లో ఎంపిక మొదటిదాని మీద, ఫోకస్ మూడోదాని మీద ఉంటుంది. రెండూ గీతలే అయితే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

నిలువుగీత: ఈ మాట ముందే అనాల్సింది. అయినా నేనొప్పుకోను. ఎంపిక ఎప్పుడూ కనబడాలి, ఫోకస్ వచ్చిపోతుంది. వరుస అంచు ఎంపికకే. ఫోకస్‌కు నాలుగు వైపులా 2 పిక్సెళ్ల అవుట్‌లైన్, దానికీ గీతకూ మధ్య 2 పిక్సెళ్ల ఖాళీ చాలు.

గుళిక: బయటికి జరిపిన అవుట్‌లైన్‌ను స్క్రోల్ అయ్యే మెనూ కత్తిరించేస్తుంది. లోపలికి జరిపితే మీ గీత మీదే పడుతుంది.

నిలువుగీత: మెనూకు లోపల 4 పిక్సెళ్ల ప్యాడింగ్ ఇవ్వండి, కత్తిరించదు.

అంచు: మా ట్యాబులు ఎంటర్ నొక్కితేనే తెరుచుకుంటాయి. వాటికి నింపిన నేపథ్యం, 3:1 దాటే ముదురు రంగుతో. హై కాంట్రాస్ట్‌లో దానికి విడిగా సిస్టమ్ ఎంపిక రంగు ఇస్తాం. మెనూకు ఎడమ గీత.

గుళిక: మెనూలోనూ ఫోకస్ ఉంటుందండీ.