ఒక్క షుగర్ గ్లైడర్‌కు మనిషి తోడు చాలదా?

రాత్రిరాణి:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక ఆడ షుగర్ గ్లైడర్ ఉంది. తెలియనివాళ్ళకు: ఇది ఆస్ట్రేలియా అడవుల్లో చెట్టు నుంచి చెట్టుకు తేలుతూ తిరిగే చిన్న జంతువు, కంగారూలా పిల్లల్ని పొట్ట సంచిలో పెంచుతుంది. ఒక్కటే. నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి పగలంతా నా మెడలో వేలాడే బట్ట పౌచ్‌లో పడుకుంటుంది. చీకటి పడ్డాక తలుపులు, కిటికీలు మూసి గదిలో వదిలేస్తాను. కర్టెన్ పైకెక్కి అక్కడి నుంచి నా భుజం మీదికి దూకుతుంది. బాగా తింటోంది, బరువు 100 గ్రాముల దగ్గర నిలకడగా ఉంది, బొచ్చు ఎక్కడా ఊడలేదు.

కానీ ఎవరిని అడిగినా ఒకటే మాట: “ఒంటరిగా పెంచడం హింస, వెంటనే రెండోదాన్ని తెచ్చుకో.” నాకు రెండు అనుమానాలు. జంట దొరికితే ఇది నా దగ్గరికి రావడం మానేస్తుందా? అసలు దానికి లేని బాధను మనమే ఊహించుకుంటున్నామా? తిట్టకండి, కారణాలు చెప్పండి చాలు.

గూబకళ్ళు:
తిట్టను, కానీ తేవాల్సిందే అంటాను. అడవిలో ఇవి ఒక్కొక్కటిగా బతకవు. ఒక చెట్టు తొర్రలో ఏడు దాకా పెద్దవి, వాటి పిల్లలు కలిసి పడుకుంటాయి. పెద్ద మగదాని నుదుటి మీద బొచ్చు లేని మచ్చ ఉంటుంది కదా, అది వాసన గ్రంథి. దాన్ని మిగతావాటికి రుద్ది గుంపంతటికీ ఒకే వాసన అంటిస్తుంది. ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అన్నది వాటికి ఆ వాసనతోనే తెలుస్తుంది. ఒకదాని ఒళ్ళు ఒకటి శుభ్రం చేసుకుంటాయి. వెనక కాలి రెండు వేళ్ళు అతుక్కుని దువ్వెనలా ఉండేది ఒళ్ళు దువ్వుకోవడానికే.

ఇంకో సంగతి. మీరు దానికి ఇస్తున్న గంటల్లో ఎక్కువ భాగం దాని నిద్ర గంటలు. మీరు పడుకున్నాక దాని రోజు మొదలవుతుంది. అర్ధరాత్రి నుంచి తెల్లారే దాకా దానికి తోడెవరు?

తోకపట్టుకో:
ఇదే పాట ప్రతి చర్చలోనూ వింటున్నాను. మా గ్లైడర్ ఒక్కటే పెరిగింది, పదేళ్ళు దాటి బతికింది. బొచ్చు పీక్కోలేదు, తోక కొరుక్కోలేదు. నేను రాత్రి ఆలస్యంగా పడుకునే మనిషిని, అది నాకు, దానికి కుదిరింది.

జంట తేవడం ఊరికే అయిపోయే పని కాదు. రెండు పెద్ద గ్లైడర్లు కుదరకపోతే కొరుక్కుంటాయి, గాయాలవుతాయి. అప్పుడు రెండు కేజ్‌లు, ఒక్కో కేజ్‌లో ఒక్కో ఒంటరి జీవి. రెండు తెచ్చాం కదా, ఒకదానికొకటి ఉన్నాయిలే అని మనుషులు చేతులు దులుపుకోవడం కూడా చూశాను. రాణి గారూ, మీరిచ్చే సమయం చాలామంది జంటలకు కూడా ఇవ్వరు.

అడవిదడవికే:
ఒకటా రెండా అన్నది తర్వాతి సంగతి. అసలు పెంచాలా అన్నది మొదటి ప్రశ్న. ముందు కాలి నుంచి వెనక కాలి దాకా ఉన్న ఆ చర్మం చాపి 50 మీటర్ల దాకా తేలిపోగల జంతువు ఇది. యూకలిప్టస్ బెరడు కొరికి కారే రసం, తుమ్మ జాతి చెట్ల బంక, పూల తేనె, పుప్పొడి, పురుగులు, వీటి కోసం రాత్రంతా తిరుగుతుంది. దాన్ని నాలుగడుగుల కేజ్‌లో పెట్టి పక్కన ఇంకోదాన్ని పెడితే ఖైదీల సంఖ్య పెరుగుతుంది, అంతే. కాలిఫోర్నియా, హవాయి, అలాస్కాలలో వీటిని పెంచుకోవడానికి అనుమతి లేదు.

తప్పించుకుంటే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవికి వీటిని 19వ శతాబ్దంలో బయటి నుంచి తెచ్చారు. ఇప్పుడక్కడ స్విఫ్ట్ పారట్ అనే అరుదైన చిలుక గూళ్ళలోకి దూరి గుడ్లనూ, పొదిగే తల్లినీ తినేస్తున్నాయి. ముద్దుగా ఉందని ఊరుకునే జంతువు కాదు.

గూబకళ్ళు:
@అడవిదడవికే మీ మాటలో నిజం ఉంది. కానీ రాణి గారి చేతిలో ఉన్నది కేజ్‌లో పుట్టి పెరిగిన జీవి. దాన్ని ఏ అడవిలో వదలమంటారు? ఆస్ట్రేలియాలోనే వదిలినా బతకదు. ఉన్నదాన్ని ఎలా చూసుకోవాలన్నది ఇక్కడి ప్రశ్న.

అడవిదడవికే:
వదలమని అనలేదు. రెండోదాన్ని కొంటే అమ్మేవాడు ఇంకో జంటను ఈనిస్తాడు అంటున్నాను. తోడు కావాలంటే పెంచలేక ఎవరో ఇచ్చేస్తున్నదాన్ని తీసుకోండి. ముద్దుపడి కొని, రాత్రి అరుపులు, కంపు, ఎక్కడపడితే అక్కడ పెంటికలు చూసి ఏడాదికే విసుగెత్తిపోయేవాళ్ళు చాలామందే ఉంటారు.

మందులడబ్బా:
పక్షులు, చిన్న జంతువులు చూసే వెట్ దగ్గర సహాయకుడిగా పనిచేస్తాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

తనను తాను కొరుక్కునే గ్లైడర్లు మా దగ్గరికి వస్తాయి. తోక, కాలు, ఆపరేషన్ కుట్లు, మగవాటిలో జననాంగం. ఒంటరితనం అందులో పెద్ద కారణం. కానీ అదొక్కటే కాదు. నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఇరుకు కేజ్, ఇంట్లో కొత్తగా వచ్చిన కుక్క భయం కూడా ఉంటాయి. కాబట్టి ఒళ్ళు కొరుక్కోవడం లేదంటే సుఖంగా ఉన్నట్టు కాదు, కొరుక్కుంటోందంటే కేవలం ఒంటరితనమే అనీ కాదు. ఒంటరివాటిలో ఎక్కువగా కనిపించేవి చిన్న గుర్తులు: తోక మొదట్లో బొచ్చు పలచబడటం, అతిగా తినడం, ఒకే మూల ఒకే రకంగా పల్టీలు కొట్టడం. “మాది చాలా నెమ్మది, చేతిలో కదలకుండా కూర్చుంటుంది” అని మురిసిపోతుంటారు. రాత్రి పూట కూడా అలాగే కూర్చుంటే నాకు టెన్షన్ వస్తుంది.

నిజం చెప్పాలంటే ఒంటరితనం కంటే తిండి వల్ల వచ్చే కేసులే నాకు ఎక్కువ బాధ కలిగిస్తాయి. పేరులో షుగర్ ఉంది కదా అని పళ్ళు మాత్రమే పెడతారు. తిండిలో ఫాస్ఫరస్‌కు కాల్షియం రెండింతలు ఉండాలి. పళ్ళు, పురుగులు, గింజలు దాదాపు అన్నీ దానికి తలకిందులుగా ఉంటాయి. శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. నిన్నటిదాకా ఎగిరినది ఇవాళ వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తుంది. తొందరగా తెస్తే కొన్ని కోలుకుంటాయి. జంట ఉన్నా ఇది ఆగదు. రాణి గారూ, మీరేం పెడుతున్నారో కూడా రాయండి.

ఇంకొకటి, ఎవరో ఎప్పుడో అడిగారు: కింది ముందు పళ్ళు పొడుగ్గా ఉన్నాయని కత్తిరించకండి. ఇవి ఎలుక జాతి కాదు, సంచి జీవులు. ఆ పళ్ళు కత్తిరిస్తే మళ్ళీ పెరగవు.

రాణి గారికి ఒక పని. మాటలు పక్కన పెట్టి ఒక రాత్రి ఫోన్ కేజ్ ఎదురుగా పెట్టి వీడియో తీయండి. మనకు తెలియని సగం అందులో కనిపిస్తుంది.

తోకపట్టుకో:
మంచి సలహా. వీడియోలో ఏం కనిపించినా “అది ఒంటరితనమే” అని ముందే తీర్పు రాసి పెట్టుకోకండి మరి.

చిన్నిరెక్కలు:
నాకు రెండున్నాయి. రాణి గారి మొదటి ప్రశ్నకు నా అనుభవం: మానేయలేదు. మొదటిది చనువుగా నా దగ్గరికి వస్తుంటే చూసి, బెదురుగా ఉండే రెండోది కూడా రావడం నేర్చుకుంది. తేడా ఏమిటంటే, ఇప్పుడవి కావాలనుకుంటే వస్తాయి. ముందు ఆ మొదటిదానికి నేను తప్ప వేరే దిక్కు లేదు. ఒప్పుకోవడం కష్టమే, కానీ అంతకు ముందు నేను ప్రేమ అనుకున్నదాంట్లో కొంత అదే. రాత్రి అరుపులు తగ్గుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. కుక్కపిల్లలా మొరగడం అలాగే ఉంది, ఒకటి మొదలుపెడితే రెండోది అందుకుంటుంది.

రాత్రిరాణి:
వీడియో తీశాను. మొత్తం చూడటానికి చాలాసేపే పట్టింది.

మొదట్లో తింది, చక్రం మీద పరిగెత్తింది, తాళ్ళు ఎక్కింది. ఆ తర్వాత పైన ఎడమ మూలకి వెళ్ళి వెనక్కి పల్టీ కొట్టడం మొదలుపెట్టింది. అదే కడ్డీ పట్టుకుని, అదే దిక్కుకు. ఆగుతుంది, కొంచెంసేపు మొరుగుతుంది, వింటున్నట్టు చెవులు తిప్పుతుంది, మళ్ళీ మొదలు. అది మొరిగినప్పుడు నాకు ఎప్పుడూ మెలకువ రాలేదు, అందుకే తెలియలేదు.

తిండి: గుడ్డు, తేనె, కాల్షియం పొడి కలిపి చేసి గడ్డకట్టించిన మిశ్రమం, దాంతో కూరగాయ ముక్కలు, కొంచెం పండు, వారంలో కొన్నిసార్లు పురుగులు. వెట్ చెప్పిన కొలతలే.

తోకపట్టుకో:
కేజ్ ఎంత? నడుము ఎత్తుదైతే పల్టీలకు అదే కారణం కావచ్చు. చక్రం ఏ రకం?

రాత్రిరాణి:
నా భుజం ఎత్తు ఉంటుంది. కడ్డీల మధ్య సందు అర అంగుళం. చక్రానికి మధ్యలో ఇరుసు లేదు, తోక చుట్టుకునే భయం లేదు.

తోకపట్టుకో:
అయితే కేజ్‌ను తప్పు పట్టలేను. సరే, ఒక ప్రశ్న మిగిలింది, దీనికి ఎవరూ జవాబు చెప్పడం లేదు. ఇవి మన దగ్గర పది, పన్నెండేళ్ళు బతుకుతాయి. ఇప్పుడు రెండోదాన్ని తెచ్చారు. కొన్నేళ్ళకు ఒకటి పోయింది. మిగిలింది ముసలిది, పైగా జంట అలవాటైనది. అప్పుడు మూడోది తేవాలా? ఆ తర్వాత నాలుగోది? ఈ లెక్కన ఒక్కసారి తలుపు తెరిచినవాడు జీవితాంతం గ్లైడర్లు తెస్తూనే ఉండాలి. జంట పోయాక తిండి మానేసి పోయిన గ్లైడర్ల గురించి మీరే చెబుతుంటారు. ఒంటరిగా అలవాటైనదానికి ఆ దెబ్బ తగలదు కదా.

గూబకళ్ళు:
తగలదు, ఎందుకంటే పోగొట్టుకోవడానికి ఏమీ ఉండదు. రేపు విడిపోతారని ఇవాళ కలవకుండా ఆపడం నాకు ఒప్పుదల కాని వాదన. అయినా మీరడిగింది న్యాయమైన ప్రశ్న. మిగిలినదాన్ని ఇంకో గుంపు ఉన్నవాళ్ళకు ఇవ్వొచ్చు, లేదా అలాగే మిగిలిన మరో ముసలిదాన్ని తెచ్చుకోవచ్చు. రెండూ మనసుకు కష్టమే. ఎక్కడో ఒకచోట ఆగాలంటే ఆ భారం మనిషి మొయ్యాలి, మొదటి రోజు నుంచే జంతువు మీద వెయ్యకూడదు.

అడవిదడవికే:
ఈ ఒక్క విషయంలో తోకపట్టుకో గారితో నాకు పేచీ లేదు, గొలుసు ఆగదు. అందుకే కొత్తవాళ్ళు మొదలే పెట్టొద్దంటున్నాను. రాణి గారి వీడియో చూశాక ఆవిడ ఇంట్లో ఉన్నదానికి తోడు కావాలనే అంటాను. కాకపోతే పౌచ్‌లోంచి తల బయటపెట్టిన ఫోటోలు తగ్గించండి. ఆ ఫోటో చూసి కొనేవాడికి ఈ వీడియో కనపడదు.

రాత్రిరాణి:
ఫోటోల సంగతి ఆలోచిస్తాను. ఇల్లు మారుతున్నామని తమ మగ గ్లైడర్‌ను ఇచ్చేస్తామన్న వాళ్ళు ఒకరు దొరికారు. అదీ ఒంటరిదే. ఎలా కలపాలి? నేరుగా ఒకే కేజ్‌లో పెట్టకూడదని మాత్రం తెలుసు.

గూబకళ్ళు:
తొందరపడకండి. మొదట నెల రోజుల పాటు వేరే గదిలో ఉంచండి, మలం పరీక్ష చేయించండి, గియార్డియా లాంటి పేగు పరాన్నజీవులు కంటికి కనపడవు. దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కునే మొదటిదాని దగ్గరికి వెళ్ళండి. తర్వాత కేజ్‌లు ఒకే గదిలోకి తెండి, కానీ మధ్య జానెడు ఎడం ఉంచండి. ఆనించి పెడితే కడ్డీల్లోంచి వేళ్ళు కొరికేస్తాయి. పడుకునే బట్ట సంచులు మార్చండి, దీనిది దానికి, దానిది దీనికి. బుస కొట్టడం తగ్గి ఆ సంచిలో పడుకోవడం మొదలుపెడితే, రెండింటికీ తెలియని చోట కలపండి. చాలామంది బాత్రూమ్ వాడతారు, కమోడ్ మూత వేసి, బకెట్‌లో నీళ్ళు లేకుండా.

తరుముకోవడం, గుర్రుమనడం, ఒకదాని మీద ఒకటి వాసన రుద్దడం మామూలే. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలా చుట్టుకుని దొర్లితే అది నిజమైన పోట్లాట. దళసరి టవల్ వేసి విడదీయండి, వట్టి చెయ్యి పెట్టొద్దు. ఆఖర్న ఇద్దరి వాసనా లేకుండా కడిగిన కేజ్‌లోకి ఒకేసారి పంపండి.

చిన్నిరెక్కలు:
మావాటికి ఇదంతా కావడానికి వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి మొదటికొచ్చాం కూడా. కుదరనివి ఉంటాయి, అది కూడా మనసులో పెట్టుకోండి. ఇచ్చేవాళ్ళతో ముందే మాట్లాడుకుంటే మంచిది, కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా అని.

మందులడబ్బా:
మగదానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందా? అయితే ఎప్పుడైందో కాగితం అడగండి. కొత్తగా అయినదైతే ఇంకొన్ని వారాలు ఆడదానితో కలపొద్దు, ఆపరేషన్ తర్వాత కూడా కొంతకాలం పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. అసలు ఆపరేషన్ కాకపోయి ఉంటే ముందు అది చేయించండి. నుదుటి మచ్చ కంపు కూడా చాలావరకు తగ్గుతుంది. వీటికి గర్భం 16 రోజులే, బియ్యపు గింజంత పిల్లలు పుట్టి సంచిలోకి పాక్కుంటూ పోతాయి, మీకు తెలిసేసరికి సంచి ఉబ్బి ఉంటుంది.

రాత్రిరాణి:
అడిగాను. ఆపరేషన్ కాలేదట. వెట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, నెల రోజులు వేరే గదిలో ఎలాగూ ఉంచాలి కదా, ఆ లోపు చేయిస్తాను. @తోకపట్టుకో మీ ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు.

తోకపట్టుకో:
నా దగ్గరా లేదు. కుట్లు కొరుక్కోకుండా మెడకు కాలర్ వేయించండి, మొదటి రెండు రాత్రులు కాపలా కాయాల్సి వస్తుంది.