కుళ్ళిన పండ్లు సీజ్ చేస్తే మొత్తం సరుకూ పారబోయించొచ్చా?

మండీ_గుమాస్తా:
గోదాములో వంద క్రేట్ల మామిడి ఉందనుకోండి. పది క్రేట్లలో కాయ ముచ్చిక దగ్గర నల్లబడి మెత్తబడింది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వస్తే మొత్తం సీజ్ చేయొచ్చా? పారబోయించే ముందు ఏ కాగితాలు అడగాలి? కుళ్ళినవి అమ్మట్లేదంటే వింటారా?

చట్టం_చదివినోడు:
చివరి ప్రశ్నే అసలుది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో సురక్షితం కాని ఆహారమంటే పూర్తిగానే కాదు, కొంత కుళ్ళినా చాలు. అమ్మడానికి దగ్గర ఉంచుకోవడమూ అమ్మకం కిందికే వస్తుంది. మంచి కాయల మధ్య కుళ్ళిన క్రేటు పెట్టుకుని "రేపు ఏరేద్దామనుకున్నాం" అంటే నిలవదు.

సీజ్ చేసే అధికారం సెక్షన్ 38 ఇస్తుంది. అయితే సీజ్ వేరు, ధ్వంసం వేరు. పాడయ్యే సరుకు ఇక తినడానికి పనికిరాదని ఆఫీసర్‌కు నమ్మకం కుదరాలి, మీకు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, ఆ తర్వాతే పారబోయించాలి. బాగున్న తొంభై క్రేట్లను ఆ లెక్కన పారబోయించడం కుదరదు. వాటి మీద అనుమానముంటే శాంపిల్ తీసి, బాండు రాయించుకుని సరుకు మీ దగ్గరే ఉంచొచ్చు. అలా ఉంచినదాంట్లో ఒక్క క్రేటు కదిపినా సెక్షన్ 60 కింద అదో కొత్త కేసు.

తూకంరాయి:
చాలామంది దెబ్బతినేది తూకం దగ్గరండీ. "సుమారు పది క్రేట్లు" అని రాస్తే సంతకం పెట్టకండి. పండు రకం, క్రేట్లెన్ని, ఖాళీ క్రేటు బరువు తీసేసిన కిలోలు, కనిపించిన లోపం, సాక్షుల సంతకాలు పంచనామాలో ఉండేలా చూసుకోండి. మీరూ ఫొటోలు తీసుకోండి. శాంపిల్ నాలుగు భాగాలు చేస్తారు: ఒకటి పరీక్ష చేసే ఫుడ్ అనలిస్టుకు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (ఆ ప్రాంతంలో ఆహార భద్రత చూసే అధికారి). నాలుగోది మీరు అడిగితేనే గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు వెళ్తుంది, అడగకపోతే ఆ అవకాశం పోయినట్టే. అనలిస్టు రిపోర్టు మీద అప్పీలుకు 30 రోజులు గడువు.

మండీ_గుమాస్తా:
మరి ఏరేసిన కాయ సాయంత్రం బండి వచ్చేదాకా గోదాములోనే ఉంటుంది కదండీ?

చట్టం_చదివినోడు:
ఉండనివ్వండి. మూతున్న డ్రమ్ములో, "అమ్మకానికి కాదు" అని పెద్దక్షరాలతో రాసి, మంచి సరుకుకు దూరంగా. ఏ పూట ఎన్ని కిలోలు ఏరారో, ఎవరు ఎత్తుకెళ్ళారో రిజిస్టర్‌లో రాయించండి. ఆ డ్రమ్ము జ్యూస్ బండికి చౌకగా పోయిందంటే మాత్రం రిజిస్టరే మీకు ఎదురు సాక్ష్యం. ఇంకోటి, క్రేట్ల అడుగున కాయ మాగబెట్టే కార్బైడ్ రసాయనం పొట్లం దొరికితే కుళ్ళు సంగతి ఎవరూ అడగరు, అది నిషేధం. మాగబెట్టడానికి ఎథిలీన్ గ్యాస్ వాడుకోవచ్చు, అదీ 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దాటకుండా.