అప్‌డేట్: గోశాలకు తరలించిన గేదెలు ఇంటికి వచ్చాయి

సంతలో కొన్న నాలుగు పాడి గేదెలను జంతు సంరక్షణ కార్యకర్తలు దారిలో ఆపించారని, పోలీసులు గోశాలకు పంపారని, వాటిని ఎలా విడిపించుకోవాలో చెప్పమని ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది లాయర్‌ను పట్టుకోమన్న సలహా. ఆయన బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 497 కింద మధ్యంతర కస్టడీకి, అంటే కేసు తేలేదాకా గేదెలను మా దగ్గరే ఉంచమని, పిటిషన్ వేశారు. సంత రసీదు, పాల కేంద్రం పాస్‌బుక్ జత చేశాం. బాండు, మేత ఖర్చు కట్టించుకుని మేజిస్ట్రేట్ గారు అప్పగించారు. కేసు ఇంకా నడుస్తోంది.

గోవధ నిషేధ చట్టం గురించి ఇక్కడ జరిగిన వాదన మా కేసుకు అక్కర్లేకపోయింది. కేసు పెట్టింది రవాణా నిబంధనల మీద: ప్రయాణానికి పనికొస్తాయని పశువైద్యుడి సర్టిఫికెట్ లేదు, బండిలో అడ్డు గదులు లేవు. గేదెకు 2 చదరపు మీటర్ల చోటు ఉండాలట. ఆ విషయంలో కార్యకర్తలను తప్పుపట్టలేను, ఒకదానికి ముక్కుతాడు దగ్గర పుండు పడింది.

కానీ గోశాలలో పాలు సరిగా పితికేవాళ్లు లేరు. పొదుగు రాయిలా గట్టిపడి, ఒకదానికి పొదుగువాపు వచ్చింది. మందులు వాడుతున్నాం, ఒక చన్ను మాత్రం ఎండిపోయింది. పాడి పశువులైతే రోజూ పితికించే ఏర్పాటు మొదటి రోజే అడగండి.