మాల్దీవుల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: ఏజెంటుకు లక్షన్నర కట్టవచ్చా?

అక్షరనౌక:
ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చేసి కొన్నేళ్లుగా ఉన్నత పాఠశాలలో బోధిస్తున్నాను. మాల్దీవుల్లో, రాజధాని మాలేకు చాలా దూరంగా దక్షిణాన ఉన్న అడ్డూ ప్రాంతంలోని ఒక బడిలో ఖాళీ ఉందనీ, పర్మిటుతో సహా అన్నీ తానే చూసుకుంటాననీ, అందుకు లక్షన్నర రూపాయలు ముందుగా కట్టాలనీ ఒక ఏజెంటు అంటున్నారు. కట్టవచ్చా, నేరుగా ప్రయత్నించడం మేలా? అక్కడ పనిచేసినవారు దయచేసి చెప్పగలరు.

నల్లబల్ల:
కట్టకండి. మన దేశంలో నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి గరిష్ఠంగా రూ.30,000, దానిపై 18 శాతం జీఎస్‌టీ మాత్రమే తీసుకోవాలి, దానికి రసీదు కూడా ఇవ్వాలి. ఆయన పేరు మన విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూడండి. అక్కడి బడుల్లో దివేహి (ఆ దేశ భాష), ఇస్లాం మినహా దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు, పెద్ద తరగతుల పిల్లలు కేంబ్రిడ్జ్ పరీక్షలు రాస్తారు. విదేశీ ఉపాధ్యాయుల అవసరం నిజంగానే ఉంది కనుక మధ్యవర్తి లేకుండా దరఖాస్తు చేసుకోవడం సాధ్యమే.

తెరచాప:
ఏజెంటు సొమ్ము ఒక్కసారి పోతుంది, నెలనెలా పోయేది వేరే ఉంది. జీతం అక్కడి కరెన్సీ రుఫియాల్లోనా, డాలర్లలోనా అని అడిగారా? అధికారిక రేటు డాలరుకు 15.42 రుఫియాలు. ఆ రేటుకు బ్యాంకు మనకు ఇచ్చే డాలర్లకు పరిమితి ఉంటుంది, అది దాటితే బయట ఎంతో ఎక్కువ పెట్టి కొనాలి. నాకు ఏజెంటు జీతాన్ని 15.42తో భాగించి, రూపాయల్లోకి మార్చి, కాగితం మీద అందంగా చూపించారు. చివరికి ఇంటికి చేరినది అందులో సగం కూడా లేదు.

ఉప్పుగాలి:
రేటు సంగతి అక్షరాలా నిజం.

నల్లబల్ల:
బయట డాలర్లు కొనడం చట్టసమ్మతం కాదన్న మాట కూడా చెప్పి ఉండవలసింది. అయినా మిమ్మల్ని ముంచినది ఏజెంటు చూపిన లెక్కే కదా తెరచాప గారూ? నేను అంటున్నదీ అదే.

తెరచాప:
అదే కాదండీ. నేరుగా వెళ్లినవారికీ అదే బ్యాంకు, అదే పరిమితి. మీరు ముప్పై వేల దగ్గరే ఆగిపోయారు.

దారినపోయేవాడు:
భారతీయులు 90 రోజుల వరకు ముందస్తు వీసా లేకుండానే అక్కడికి వెళ్లవచ్చు. దీన్ని అడ్డం పెట్టుకుని "ముందు వచ్చేయండి, పర్మిటు తరువాత చూద్దాం" అనేవారు ఉంటారు. పర్యాటకులుగా దిగి పాఠం చెప్పడం నేరం. ఉద్యోగ అనుమతి పత్రం చేతికి రానిదే విమానం ఎక్కకండి.

నల్లబల్ల:
ఇప్పటివరకు అందరూ డబ్బు గురించే మాట్లాడారు. నేను పనిచేసిన దీవిలో నాతోపాటు ఇంగ్లీషు చెప్పే ఆవిడ, పిల్లలు పరీక్షలకు సిద్ధమవుతున్న సమయంలో, సెలవు పెట్టి స్వదేశానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆవిడ తరగతులు నా మీద పడ్డాయి. ఆ పిల్లలకు రెండేళ్లలో నేను మూడో టీచరును. వ్యాసాలు దిద్దుతుంటే ఒక్కో నోటుపుస్తకంలో ముగ్గురి చేతిరాతలు, మూడు రకాల మార్కుల పద్ధతులు కనిపించేవి. కింది తరగతుల్లో చిన్నపిల్లలు దివేహిని కుడి నుంచి ఎడమకు, ఇంగ్లీషును ఎడమ నుంచి కుడికి రాస్తూ, ఏ పుస్తకం ఎటు నుంచి తెరవాలో ఒక్క క్షణం తడబడేవారు. వారికి అలవాటైన మనిషి ఎదురుగా ఉండటం చాలా అవసరం. లెక్క కుదరలేదని మధ్యలో వచ్చేసేవారు అసలు వెళ్లనే కూడదు.

తెరచాప:
ఈ మాట నన్ను ఉద్దేశించే అన్నారని తెలుసు, ఎందుకంటే నేనూ మధ్యలోనే వచ్చేశానని ఈ వేదికలో ఇంతకుముందే రాశాను. వసతి ఇస్తామని ఒప్పందంలో రాసి, వెళ్లాక అద్దెను జీతంలో కోసుకున్నారు. ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మాట తప్పిన యాజమాన్యాన్ని వదిలిపెట్టి, వెళ్లిపోయిన టీచరునే పిల్లల పేరు చెప్పి నిలదీస్తారా? మీ తోటి ఉపాధ్యాయురాలు ఎందుకు వెళ్లిపోయారో ఒక్కసారైనా అడిగారా?

నల్లబల్ల:
అడగలేదు. ఏ కారణమైనా కావచ్చు, పరీక్షల దాకా ఉండి వెళ్లవచ్చు. అక్కడి 2008 నాటి ఉద్యోగ చట్టం ప్రకారం ప్రొబేషన్ మూడు నెలలకు మించకూడదు, ఆ వ్యవధిలో ఇరువైపులా నోటీసు లేకుండానే విడిపోవచ్చు. పనిచోటు నచ్చలేదని తేల్చుకోవడానికి ఆ గడువు చాలు.

తెరచాప:
అద్దె కోత నాలుగో నెలలో మొదలైతే ఏం చేయాలి? మీకు ఒప్పందమంటే టీచరు నిలబెట్టుకోవలసిన మాట, నాకు ఇద్దరూ నిలబెట్టుకోవలసిన మాట. మన తగవు ఇదే, ఏజెంటు గురించి కాదు.

నల్లబల్ల:
ఇద్దరిదీ అని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ఇద్దరిలో పిల్లలు లేరు, నష్టం మాత్రం వారిదే. అందుకే మధ్యలో రావడాన్ని నేను సమర్థించలేను.

ఉప్పుగాలి:
మీరిద్దరూ ఒకే దీవిలో పనిచేయకపోవడం ఆ దీవి అదృష్టం.

అక్షరనౌక:
అందరికీ ధన్యవాదాలు. జీతం ఏ కరెన్సీలో ఇస్తారు, వసతి ఎవరి ఖర్చు, నాకంటే ముందు ఆ ఉద్యోగంలో ఉన్నవారు ఎందుకు వెళ్లారు అని ఏజెంటును రాతపూర్వకంగా అడిగాను. మొదటి రెండింటికీ "అక్కడికి వెళ్లాక మాట్లాడుకోవచ్చు" అన్నారు, మూడోదానికి జవాబే లేదు. ఆయనకు డబ్బు కట్టడం లేదు. బడికే నేరుగా ఉత్తరం రాస్తున్నాను.

తెరచాప:
మూడో ప్రశ్నను బడిని కూడా అడగండి.