పదకొండేళ్ల తర్వాత ఫుల్‌బ్రైట్ పూర్వ స్కాలర్ల అంతర్జాతీయ సదస్సుకు పిలుపు వచ్చింది. చెప్పుకోవడానికి ఏమీ లేనివాళ్లు వెళ్లొచ్చా?

గంజి_జిగురు:

అందరికీ నమస్కారం. పదకొండేళ్ల కిందట, అమెరికా, భారత ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మీద తొమ్మిది నెలలు అమెరికాలో ఉన్నాను. పాత కాగితాల పరిరక్షణ మీద నా పరిశోధన. అక్కడ ఒక యూనివర్సిటీ లైబ్రరీ కన్జర్వేషన్ ల్యాబ్‌లో పనిచేశాను. జపాన్ కోజో కాగితాన్ని (చెట్టు బెరడు పీచుతో చేసేది) కత్తిరించకుండా, తడి బ్రష్‌తో గీత గీసి చేత్తో లాగి చింపాలని, అప్పుడే అంచున పీచు మిగిలి పాత కాగితంలో కలిసిపోతుందని నేర్పిన టీచర్ అక్కడే దొరికారు. ఆవిడ దగ్గర గడిపిన ఆ తొమ్మిది నెలలు నా జీవితంలో చాలా మంచి రోజులు.

తిరిగొచ్చి థీసిస్ ఇచ్చాను. తర్వాత అమ్మకు జబ్బు చేసింది. నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు ఒక స్కూల్లో లైబ్రేరియన్‌ని. ఒక్క పేపరూ అచ్చు కాలేదు, ఒక్క ప్రాజెక్టూ చేయలేదు.

పోయిన నెల మెయిల్ వచ్చింది. మూడు రోజుల సదస్సు, చాలా దేశాల నుంచి పాత స్కాలర్లు వస్తారట. ఫారంలో ఒక గడి ఉంది: 'ఎక్స్ఛేంజ్ తర్వాత మీరు సాధించినవి, 150 పదాల్లో'. వారం రోజులుగా ఆ పేజీ తెరిచే ఉంది. రెండు లైన్లు రాస్తున్నాను, చెరిపేస్తున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. మా టీచర్ రెండేళ్ల కిందట పోయారు. ఆవిడ చివరి మెయిల్‌కి నేను జవాబు ఇవ్వలేదు. మంచి కబురు ఏదైనా ఉన్నప్పుడు రాద్దామని వాయిదా వేస్తూ పోయాను. సదస్సులో ఎవరైనా ఆవిడ పేరు ఎత్తితే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఇలాంటి వాటికి వెళ్లినవాళ్లు చెప్పండి. నాలాంటి వాళ్లు అక్కడ ఏం చేస్తారు? ఆ గడిలో ఏం రాయాలి?

పాత_అట్ట:

వెళ్లండి. ఎందుకు చెబుతున్నానో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను కూడా ఫుల్‌బ్రైటే. ఆర్థిక చరిత్ర నా సబ్జెక్టు. పాత జమాఖర్చుల రిజిస్టర్లు చదివి, వందేళ్ల కిందట ఎవరు ఎవరికి ఎంత అప్పు ఇచ్చారో లెక్క తీయడం నా పని. ఇప్పటికి మూడు సదస్సులకు వెళ్లాను. మొదటిసారి నాకూ మీలాగే టెన్షన్. రాయబారులు, వైస్ చాన్సలర్లు ఉంటారు, నన్నెవరు పలకరిస్తారు అనుకుంటూ వెళ్లాను.

రెండో రోజు టీ విరామంలో ఒకావిడ నా పక్కన నిలబడ్డారు. వేరే దేశం. పొద్దున పరిచయాలప్పుడు ఆవిడ లేచి, 'కాగితాల పరిరక్షణ నేర్చుకున్నాను, తొమ్మిదేళ్ల కిందటే మానేశాను, ఇప్పుడు పన్నుల ఆఫీసులో ఉద్యోగం' అని చెప్పి కూర్చున్నారు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. నేను మాట కలపడానికి అన్నట్టు నా గోడు చెప్పుకున్నాను. అంతకు ముందు ఏడాది మా రికార్డుల గదిలోకి వాననీళ్లు వచ్చి నలభై రిజిస్టర్లు తడిశాయి. మేం కంగారుగా తెరిచి ఎండలో పరిచాం. పేజీలు అట్టలు కట్టేశాయి, సిరా పక్కకు పాకింది, మిగిలినవాటికి బూజు పట్టింది. నలభైలో ఒక్కటీ దక్కలేదు.

ఆవిడ కప్పు కింద పెట్టేశారు. 'తెరిచారా?' అని అడిగిన గొంతు నాకు ఇంకా గుర్తుంది. తర్వాత అరగంట సేపు ఒక పేపర్ నాప్కిన్ మీద గీసి చూపించారు. తడిసిన పుస్తకాన్ని తెరవకూడదు, తుడవకూడదు. రెండు రోజులు దాటితే బూజు మొదలైపోతుంది, కాబట్టి ఆలోపే గడ్డకట్టించేయాలి. ఒక్కోదాన్నీ మైనపు కాగితంలో చుట్టి, వెన్ను కిందికి వచ్చేలా క్రేట్‌లో నిలబెట్టి, ఫ్రీజర్‌లో పెట్టాలి. గడ్డకడితే సిరా పాకడం ఆగిపోతుంది, బూజూ ఆగుతుంది, తర్వాత ఏం చేయాలో ఆలోచించుకోవడానికి టైం దొరుకుతుంది. ఆ మంచు కరిగి మళ్లీ నీళ్లు కాకుండా నేరుగా ఆవిరైపోయేలా ఆరబెట్టే యంత్రాలు ఉంటాయని కూడా ఆవిడే చెప్పారు.

1966 నవంబర్ 4న ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయాన్ని ముంచేసినప్పుడు, ఎన్నో దేశాల నుంచి వచ్చిన జనం బురదలోంచి పుస్తకాలు ఎలా మోశారో చెప్పారు. మీకు తెలిసిన సంగతే అయి ఉంటుంది. ఈ విద్య ఇవాళ ఇలా ఉండడానికి ఆ బురదలో పక్కపక్కన నిలబడి పనిచేసిన వాళ్లే కారణమని చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. తొమ్మిదేళ్లుగా ఆ పని చేయని మనిషి!

మూడేళ్ల తర్వాత మళ్లీ నీళ్లు వచ్చాయి. ఈసారి పదిహేడు రిజిస్టర్లు. అర్ధరాత్రి ఒక చేపల కోల్డ్ స్టోరేజీ యజమానిని లేపి బతిమాలుకున్నాం. పదిహేడులో పదిహేను ఇవాళ చదువుకోవచ్చు. అందులో ఒకదాని మీద నా విద్యార్థి పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆ మూడు రోజుల్లో వేదిక మీద ఎవరెవరు ప్రసంగించారో నాకు గుర్తు లేదు. ఆ నాప్కిన్ మాత్రం ఇంకా నా దగ్గర ఉంది.

మీరు రాసింది చదువుతుంటే నాకు ఆవిడే గుర్తొచ్చారు.

అసలు ఈ ప్రోగ్రాం మొదలైన తీరు కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైనిక సామగ్రి దేశదేశాల్లో మిగిలిపోయింది. కొనుక్కునే దేశాల దగ్గర డాలర్లు లేవు. అది అమ్మగా వచ్చే డబ్బును ఆయా దేశాల కరెన్సీలోనే తీసుకుని చదువుల మార్పిడికి ఖర్చు పెడదామని సెనేటర్ విలియం ఫుల్‌బ్రైట్ 1945లో బిల్లు పెట్టారు. 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశారు. ఫుల్‌బ్రైట్ కూడా కుర్రాడిగా ఉన్నప్పుడు రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లి చదువుకున్నవాడే. భారత్‌తో ఒప్పందం 1950 ఫిబ్రవరిలో కుదిరింది. 2008లో రెండు ప్రభుత్వాలూ ఖర్చు పంచుకునేలా కొత్త ఒప్పందం చేసుకున్నాక పేరులో నెహ్రూ చేరింది. మనకిచ్చే జే-1 (ఎక్స్ఛేంజ్) వీసాకు రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్న షరతు ఎందుకు పెట్టారు? నేర్చుకున్నది పట్టుకుని మనిషి వెనక్కి రావాలనే. మీరు వచ్చారు, అమ్మను చూసుకున్నారు, పిల్లల మధ్య పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నారు. దీన్ని ఏమీ చేయకపోవడం అని నేను ఒప్పుకోను.

ఆ గడి గురించి: సాధించినవి అని అడిగినంత మాత్రాన పతకాల జాబితా రాయక్కర్లేదు. మీ చేతికి ఇప్పటికీ ఏ పని వచ్చో రాయండి, మీకు ఇంకా తేలని ప్రశ్న ఏదో రాయండి. నిర్వాహకులు ఆ 150 పదాలను చూసే ఎవరిని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో నిర్ణయిస్తారు. నేను ఒకసారి ఆ పనిలో సాయం చేశాను కాబట్టి చెబుతున్నాను. బయోడేటా రాసినవాళ్లను ఎక్కడ వేయాలో మాకు తోచేది కాదు. ప్రశ్న రాసినవాళ్లకు చోటు వెంటనే దొరికేది.

ఇంకొక్క మాట. మొదటి రోజు భోజనానికి మన దేశం వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లకండి. ఒకసారి కూర్చుంటే మూడు రోజులూ అక్కడే గడిచిపోతాయి.

ఉత్తరపు_గాలి:

పాత అట్ట గారి అనుభవం చదివి సంతోషం వేసింది. కానీ డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. నేను డాడ్ (జర్మనీ విద్యా మార్పిడి సంస్థ DAAD) స్కాలర్‌షిప్ మీద జర్మనీలో చదివాను. అలాంటి సదస్సుకు ఒకసారి అప్పు చేసి వెళ్లాను. ఏడాదిన్నర పాటు తీర్చాను. అక్కడ ఉన్నంతసేపూ మనసు ఖర్చు మీదే ఉంది, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇలాంటి చోట్లకు స్థిరపడ్డవాళ్లే ఎక్కువగా రాగలుగుతారన్నది నిజం, అది నాకు బాధ కలిగిస్తుంది.

అందుకని రిజిస్ట్రేషన్ ఫీజు కట్టకముందే ట్రావెల్ గ్రాంట్ ఉందా అని మెయిల్ పెట్టండి. వెబ్‌సైట్‌లో లేకపోయినా అడగండి. ఆహ్వాన పత్రంలో టికెట్ ఎవరిది, బస ఎవరిది అన్నది స్పష్టంగా రాయించుకోండి. వీసా ఇంటర్వ్యూలో అది అడగవచ్చు.

వెళ్తే మాత్రం సదస్సుతో అయిపోయిందనుకోకండి. పాత స్కాలర్లు మళ్లీ పని మొదలుపెట్టడానికే కొన్ని పథకాలు ఉంటాయి. డాడ్‌లో ఆరు నెలలకు పైగా చదివినవాళ్లను మళ్లీ ఒకటి నుంచి మూడు నెలల పాటు పిలిచే పథకం ఉంది. నేను ఉద్యోగంలో పడి ఎనిమిదేళ్లు పరిశోధనకు దూరమయ్యాక దానితోనే తిరిగి గాడిలో పడ్డాను. జర్మనీలోదే హంబోల్ట్ ఫౌండేషన్ వాళ్లయితే పాత స్కాలర్లే తమ దేశాల్లో సదస్సులు పెట్టుకునేలా డబ్బిస్తారు, వాటిని హంబోల్ట్ కొల్లెగ్ అంటారు. ఇవి మీకు వర్తించవు. అయితే అమెరికా ఎక్స్ఛేంజ్ పాత స్కాలర్లు జట్టుగా చేసే ప్రాజెక్టుల కోసం 2011లో ఒక అలుమ్ని ఫండ్ మొదలైంది. ఇలాంటివాటిలో ఈ ఏడాది ఏవి నడుస్తున్నాయో అక్కడికి వచ్చిన ప్రోగ్రాం సిబ్బందిని పట్టుకుని అడగండి. జట్టు కావాలంటే మనుషులు కావాలి, ఆ మనుషులు ఆ హాల్లోనే ఉంటారు.

రెండో_ఇల్లు:

నేను స్కూల్లో ఉన్నప్పుడు ఏఎఫ్ఎస్ ద్వారా ఏడాది పాటు ఒక పరాయి కుటుంబంతో ఉన్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్సులు నడిపిన వాలంటీర్ల సంస్థ అది. రెండో యుద్ధం అయ్యాక, 1947 నుంచి, స్కూలు పిల్లల్ని దేశాల మధ్య పంపే పని చేపట్టింది.

మీ టీచర్ గురించి ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. నన్ను ఇంట్లో పెట్టుకున్న అమ్మ చనిపోయిన సంగతి నాకు ఏడు నెలల తర్వాత తెలిసింది. నేనూ ఉత్తరాలు మానేసినదాన్నే. తర్వాత ఒక సదస్సులో పేర్ల జాబితా చూస్తుంటే నేను ఉన్న ఊరి పేరే ఇంకొకరి పక్కన కనిపించింది. వెతుక్కుంటూ వెళ్లి అడిగితే, నాకన్నా ఆరేళ్ల ముందు అదే ఇంట్లో, అదే గదిలో ఉన్నాడు. కిటికీ గడియ పడదని, పెన్సిల్ ముక్క దోపాలని అతనికీ తెలుసు! మూడు గంటలు కూర్చుని ఆవిడ గురించే మాట్లాడుకున్నాం. అతనూ ఉత్తరాలు మానేసినవాడే. ఇద్దరం కలిసి ఆవిడ కూతురికి రాశాం. వారంలో జవాబు వచ్చింది.

మీ టీచర్ దగ్గర మీకు ముందూ వెనకా ఎక్స్ఛేంజ్ మీద వచ్చినవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు. ఇలాంటి చోట పరిచయం అంటే ఏ సంవత్సరం, ఏ యూనివర్సిటీ అనేదే మొదటి మాట, మన దగ్గర ఇంటిపేరు అడిగినట్టు. జాబితా రాగానే మీ యూనివర్సిటీ పేరు వెతకండి. దొరికితే బయల్దేరే ముందే మెయిల్ రాయండి.

గంజి_జిగురు:

అందరికీ చాలా చాలా థాంక్స్. పాత అట్ట గారూ, మీరు రాసింది రాత్రి మూడుసార్లు చదివాను. పొద్దున లేచి అటక మీద నుంచి నా పాత నోట్‌బుక్ దించాను. జిగురు మరక పడి రెండు పేజీలు అంటుకుపోయాయి. వాటిని సన్నటి ఆవిరి పట్టి విడదీశాను. చెయ్యి మర్చిపోలేదు.

ఉత్తరపు గాలి గారూ, మీరు చెప్పినట్టే ముందు గ్రాంట్ గురించి మెయిల్ పెట్టాను. టికెట్‌లో సగం ఇస్తామని, మిగతాది సదస్సు తర్వాత బిల్లు చూపిస్తే పరిశీలిస్తామని అన్నారు. సగం అయితే నేను అప్పు లేకుండా పెట్టుకోగలను.

గడిలో రాసింది ఇది. తెలుగులో మీ కోసం పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి:

'కాగితాల పరిరక్షణ నేర్చుకున్నాను. పదేళ్లుగా ల్యాబ్‌లో లేను, స్కూల్లో లైబ్రేరియన్‌ని. చిరిగిన పుస్తకాలను గోధుమ గంజి జిగురుతో, పల్చటి కాగితంతో బాగుచేస్తున్నాను. పొడి వాతావరణంలో ఏళ్ల తరబడి నిలిచే ఈ జిగురుకు, గాలిలో తేమ ఎక్కువున్న చోట బూజు పడుతోంది, సిల్వర్‌ఫిష్ పురుగులు తినేస్తున్నాయి. మా టీచర్ ఇలాంటి చోట్లకు మిథైల్ సెల్యులోజ్ అనే ఇంకో జిగురు కలిపి చూడమన్నారు. కలిపితే పురుగు తగ్గింది, కానీ పిల్లల చేతుల్లో రోజూ నలిగే పుస్తకానికి పట్టు చాలడం లేదు. తేమ దేశాల్లో, ఏసీ లేని గదుల్లో పనిచేసేవాళ్లతో కూర్చుని, ఎవరు ఎంత పాళ్లలో కలుపుతున్నారో తెలుసుకోవాలని వస్తున్నాను. నా పాళ్ల లెక్కలు, చెడిపోయిన నమూనాలు తెస్తాను.'

పాత_అట్ట:

ఒక్క అక్షరం మార్చకండి. చెడిపోయిన నమూనాలను చేతి సంచిలో పెట్టుకోండి, లగేజీలో వేయకండి. ఒక్కోదాని వెనక తేదీ, పాళ్లు పెన్సిల్‌తో రాయండి. ఆ నాప్కిన్ గీసినావిడ అడ్రస్ నా దగ్గర ఉంది, మీ సంగతి రాయనా? ఈసారి ఆవిడ కూడా వస్తున్నట్టు విన్నాను.

గంజి_జిగురు:

తప్పకుండా రాయండి. ఫారం ఇప్పుడే పంపేశాను. రెండో ఇల్లు గారూ, జాబితా ఇంకా రాలేదు కానీ మా ల్యాబ్‌కి మెయిల్ రాశాను. టీచర్ దగ్గర నాకు ముందు ఇద్దరు, తర్వాత ముగ్గురు వేరే దేశాల వాళ్లు పనిచేశారట. ఆవిడ బ్రష్‌లను ఇప్పటికీ అదే జాడీలో ఉంచారట. ఆ ఐదుగురి పేర్లూ పంపారు. ఇవాళ సాయంత్రం కూర్చుని ఒక్కొక్కరికీ రాస్తాను.